ఎక్కడున్నారని అడిగే ముందు ఎందుకో చెప్పండి

ఆ పెట్టె మనందరికీ పరిచయమే. ఏదో వెతుక్కుంటూ ఒక సైట్ తెరుస్తాం. పేజీ ఇంకా పూర్తిగా రాకముందే పైమూలన ఒక పెట్టె దిగుతుంది: ఫలానా సైట్ మీ లొకేషన్ తెలుసుకోవాలనుకుంటోంది, ఇస్తారా, వద్దంటారా? ఎందుకు అడుగుతోందో అందులో ఉండదు. ఇచ్చాక ఏం చేస్తుందో ఉండదు. కొందరం విసుగుతో వద్దని నొక్కేస్తాం. ఇంకొందరం పని జరగాలి కదా అని సరేనని నొక్కేస్తాం. ఎలా నొక్కినా అక్కడ ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఏదీ లేదు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ పెట్టె సైట్‌ది కాదు, బ్రౌజర్‌ది. అందులో ఒక్క అక్షరం కూడా సైట్ మార్చలేదు. ఫోన్ యాప్‌ల సంగతి వేరు. ఐఫోన్‌లో ఒక యాప్ లొకేషన్ అడగాలంటే, ఎందుకో ఒక వాక్యం ముందే రాసిపెట్టాలి. సిస్టమ్ చూపించే పెట్టెలోనే ఆ వాక్యం కనిపిస్తుంది. రాయకపోతే అడిగే అవకాశమే ఉండదు. వెబ్‌లో అలాంటి గడి లేదు. ఇది బ్రౌజర్లు తయారుచేసినవాళ్ల మతిమరుపని నేననుకోను. ఎవరైనా పది నిమిషాల్లో సైట్ పెట్టుకోగల చోట, బ్రౌజర్ పెట్టెలో తమకు నచ్చిన మాట రాసుకునే వీలిస్తే ఏమవుతుంది? ‘మీ ఖాతా భద్రత కోసం వెంటనే అనుమతించండి’ అని మోసగాళ్లు రాసుకుంటారు. చూసేవాళ్లకు అది బ్రౌజర్ చెప్పిన మాటలాగే ఉంటుంది. యాప్ స్టోర్‌లోనైతే లోపలికి రానిచ్చే ముందు ఎవరో ఒకరు చూస్తారు. వెబ్‌కు ద్వారపాలకులు లేరు.

అందువల్ల ‘ఎందుకు’ అన్నది చెప్పే బాధ్యత మొత్తం సైట్ పేజీ మీదే పడింది. చెప్పకపోయినా పెట్టె దిగుతుంది. చెప్పింది అబద్ధమైనా దిగుతుంది.

కారణం ఎక్కడ జారిపోయింది

మొదట్లో ఆలోచన ఇలా లేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో 2001లోనే జియోప్రివ్ అనే బృందం ఏర్పడింది. లొకేషన్ ఎక్కడికి వెళ్తే దాని వెంటే షరతులూ వెళ్లాలన్నది వాళ్ల పట్టుదల. దీన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చా, ఎప్పటిదాకా దగ్గర పెట్టుకోవచ్చు అన్న మాటలను కూడా చోటు వివరాలతో కలిపి ఒకే మూటగా కట్టి పంపాలన్నారు. 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4119 అనే ప్రమాణ పత్రం ఆ మూట ఎలా కట్టాలో చెప్పింది.

వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2008 చివర్లో జియోలొకేషన్ ఏపీఐకి, అంటే సైట్ బ్రౌజర్‌ను లొకేషన్ అడిగి తీసుకునే ఏర్పాటుకు, మొదటి ముసాయిదా తెచ్చింది. జియోప్రివ్ షరతులను ఇందులో కలపాలన్న వాదన వచ్చింది గానీ నిలవలేదు. 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 ఈ ఏపీఐతో వచ్చింది. 2013 అక్టోబరులో అది అధికారిక ప్రమాణమైంది. చివరికి మిగిలింది చాలా సాదా ఏర్పాటు. అవునా కాదా అని బ్రౌజర్ అడుగుతుంది. అవునంటే అక్షాంశం, రేఖాంశం, ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావొచ్చన్న లెక్క సైట్ చేతికిస్తుంది.

షరతులు పూర్తిగా మాయం కాలేదు. ఆ ప్రమాణ పత్రంలోనే సైట్లనుద్దేశించి ఒక భాగం ఉంది. అవసరమైతేనే అడగాలి. ఏ పనికిచ్చారో ఆ పనికే వాడాలి. దాచుకోమని యూజర్ స్పష్టంగా చెబితే తప్ప, పని కాగానే పారేయాలి. వాళ్లు ఒప్పుకోకుండా ఇంకొకరికి పంపకూడదు. లొకేషన్ తీసుకుంటున్నామనీ, ఎందుకనీ, ఎంతకాలం ఉంచుతామనీ, ఎలా కాపాడతామనీ, ఎవరికైనా ఇస్తామా అనీ, తుడిచేయాలంటే ఏం చేయాలనీ కొట్టొచ్చినట్టు కనిపించేలా చెప్పాలి. చదివితే ఇంకేం కావాలనిపిస్తుంది. కానీ వీటిని పాటిస్తున్నారా లేదా అని చూసే యంత్రమేదీ బ్రౌజర్‌లో లేదు. మూటతో పాటే వెళ్లాల్సిన షరతు, కాగితం మీది హితవుగా మిగిలింది.

అసలు ఇస్తున్నదేమిటి

వద్దని నొక్కినా మనమెక్కడున్నామో సైట్‌కు కొంత తెలుస్తూనే ఉంటుంది. ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కుండే నంబరు, అంటే ఐపీ అడ్రసును బట్టి దేశం, చాలాసార్లు ఊరిదాకా అంచనా వేయొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ అంచనా తప్పిపోవడమూ మామూలే. మన రాకపోకలను వేరే చోటి సర్వర్ గుండా పంపే వీపీఎన్ పెట్టుకుంటే మనల్ని వేరే ఖండంలో చూపిస్తుంది. పెట్టె ద్వారా వెళ్లేది అలాంటి అంచనా కాదు. ఉపగ్రహాల సంకేతాలు, చుట్టుపక్కలున్న వై-ఫై రౌటర్ల గుర్తులు, సెల్ టవర్లు, వీటిలో దొరికినవన్నీ కలిపి పరికరం లెక్కగట్టిన చోటు. ఆరుబయట ఫోన్ చేతిలో ఉంటే మామూలుగా ఐదు మీటర్ల తేడాలో ఉంటుంది. జీపీఎస్ లేని ల్యాప్‌టాప్ కూడా చుట్టూ ఉన్న వై-ఫైని బట్టి దాదాపు వీధి వరకూ చెప్పగలదు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చూద్దాం, తర్వాత పనికొస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత రెండంకెలు రాస్తే కిలోమీటరు పైచిలుకు మేరలో ఎక్కడో ఉన్నామని అర్థం. నాలుగంకెలు రాస్తే 11 మీటర్లు. ఐదు రాస్తే మీటరు పైచిలుకు. వానొస్తుందో రాదో చెప్పడానికి రెండంకెలు ధారాళంగా సరిపోతాయి. గుమ్మం ముందుకు వాహనం రావాలంటే నాలుగైనా కావాలి. కాబట్టి ‘ఎందుకు’ అన్న ప్రశ్న నిజానికి ‘ఎన్ని అంకెలు’ అన్న ప్రశ్న కూడా. వాతావరణ సైట్ ఐదంకెలు తీసుకుంటుంటే, చెప్పిన కారణానికి మీటరు స్థాయి వివరం ఎందుకో కూడా అది చెప్పాలి.

ఏపీఐ పుట్టినప్పుడు ‘నాకు ఉజ్జాయింపుగా చాలు’ అని సైట్ అడిగే మీట పెట్టలేదు. వీలైనంత కచ్చితమైన చోటు కావాలని అడిగే ఎనేబుల్‌హైఅక్యురసీ అనే ఆప్షన్ ఉంది. దాన్ని ఆపితే బ్యాటరీ మిగలొచ్చు గానీ, ప్రైవసీ మిగులుతుందన్న హామీ లేదు. ఫోన్ సిస్టమ్‌లు ఈ విషయంలో ఒక అడుగు ముందుకేశాయి. 2020లో ఐఓఎస్ 14, 2021లో ఆండ్రాయిడ్ 12, కచ్చితమైన చోటివ్వాలా, ఉజ్జాయింపుగా ఇవ్వాలా అన్నది యూజర్ చేతికే వదిలాయి. వెబ్‌సైట్ కూడా తలచుకుంటే ఒకటి చేయగలదు. బ్రౌజర్‌లోనే చివరి అంకెలు కత్తిరించి, మిగిలిన రెండంకెలే సర్వర్‌కు పంపొచ్చు. రెండు మూడు లైన్ల కోడ్ పని. అది చేసి ‘మీ ప్రాంతం మాత్రమే మాకు చేరుతుంది, మీ ఇల్లు కాదు’ అని రాస్తే, ఆ వాక్యం వెనక బలం ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, చోటు అన్నది పేరుకంటే ఎక్కువ చెబుతుంది. 2013లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 15 లక్షల మంది మొబైల్ కదలికలను 15 నెలల పాటు తీసుకుని చూశారు. పేర్లు లేవు. గంటకోసారి, టవరు స్థాయి వివరం మాత్రమే. అయినా ఎప్పుడు ఎక్కడున్నారో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని గుంపులోంచి విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది. రాత్రిళ్లు ఎక్కడుంటాం, పగళ్లు ఎక్కడుంటాం అన్నవి ఎంత గట్టి గుర్తులో వేరే చెప్పక్కర్లేదు. ‘మేం మీ పేరు అడగడం లేదు, లొకేషన్ మాత్రమే’ అని కొన్ని సైట్లు రాస్తుంటాయి. దాన్ని వివరణ అనలేం, ఊరడింపు అనాలి.

తాళం గుర్తు గురించి కూడా ఒక ముక్క. 2016లో క్రోమ్ 50, 2017లో ఫైర్‌ఫాక్స్ 55 వచ్చినప్పటి నుంచి హెచ్‌టీటీపీఎస్ (తాళం గుర్తు సూచించే సురక్షిత కనెక్షన్) లేని సైట్లకు లొకేషన్ అందడం ఆగిపోయింది. మంచి మార్పే. అయితే అది దారిలో ఎవరూ తొంగిచూడకుండా చేసే ఏర్పాటు. చేరినచోట ఏం జరుగుతుందన్నది దాని పరిధిలోకి రాదు.

వేళ చూసి అడిగితే సగం చెప్పినట్టే

వివరణ అనగానే అందరూ వాక్యం గురించే ఆలోచిస్తారు. నా దృష్టిలో వాక్యం కన్నా ముందు వేళ.

రెండు సైట్లు ఊహించండి. రెండింటికీ కావాల్సింది ఒకటే, దగ్గర్లో ఉన్న సేవా కేంద్రం చూపించడం. మొదటిది తలుపు తీయగానే లొకేషన్ అడుగుతుంది. మనం ఇంకా పేజీ చదవలేదు, ఇక్కడ కేంద్రాలు వెతకొచ్చని కూడా తెలియదు. రెండోది ఏమీ అడగకుండా వెతికే గడి చూపిస్తుంది. పక్కనే ‘నాకు దగ్గర్లో ఉన్నవి చూపించు’ అన్న బటన్. అది మనమే నొక్కుతాం, అప్పుడు పెట్టె దిగుతుంది. పెట్టెలో మాటలు రెండు చోట్లా ఒకటే. కానీ రెండోచోట ‘ఎందుకు’ అన్న అనుమానమే రాదు, ఎందుకంటే అడిగింది మనం. మన ప్రశ్నకు జవాబివ్వడానికి అది ఎదురు ప్రశ్న వేసింది, అంతే.

ఇది నా చాదస్తం మాత్రమే కాదు. వెబ్ పేజీల నాణ్యత చూడటానికి గూగుల్ తయారుచేసిన లైట్‌హౌస్ అనే సాధనం, పేజీ తెరుచుకోగానే లొకేషన్ అడిగే సైట్‌కు ఆ మేరకు మార్కులు తగ్గిస్తుంది. మర్యాద సంగతి అలా ఉంచినా, ఇందులో సైట్ స్వార్థం కూడా ఉంది. బ్రౌజర్ పెట్టెలో ఒక్కసారి అడ్డుకోమని నొక్కితే చాలా బ్రౌజర్లలో ఆ సైట్ మళ్లీ అడగలేదు. యూజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తనంతట తాను మార్చుకుంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ఏమీ నొక్కకుండా పెట్టెను పదేపదే మూసేస్తుంటే క్రోమ్ కొంతకాలం పాటు ఆ సైట్ నోరు మూయిస్తుంది. చేతిలో ఉన్నది ఒకే అవకాశం. దాన్ని పేజీ తెరుచుకున్న మొదటి క్షణంలో, అవతలి మనిషికి ఆ సైట్ ఏమిటో కూడా తెలియనప్పుడు వాడేయడం తెలివితక్కువ పని.

అందుకే కొన్ని సైట్లు ఒక ఉపాయం కనిపెట్టాయి. బ్రౌజర్ పెట్టె కన్నా ముందు తమ సొంత పెట్టె ఒకటి చూపిస్తాయి. అందులో తమకు నచ్చినంత రాసుకోవచ్చు. అక్కడ సరేనంటేనే అసలు పెట్టె తెస్తాయి. ఈ ముందస్తు పెట్టె మంచిదా చెడ్డదా అంటే, రెండూ.

మంచి చేతుల్లో అది కారణం చెప్పడానికి దొరికిన చోటు. చెడ్డ చేతుల్లో ఒత్తిడి యంత్రం. సరే అన్న బటన్ పెద్దగా రంగులో, ‘ఇప్పుడొద్దు’ అన్నది కంటికి ఆననంత లేతగా. పెట్టె రూపం అచ్చం బ్రౌజర్ పెట్టెలా. పైగా ఇంకో చిక్కుంది. బ్రౌజర్‌కు వద్దని చెబితే అది గుర్తుపెట్టుకుంటుంది. సైట్ సొంత పెట్టెలో వద్దన్న మాట బ్రౌజర్‌కు తెలియదు. అందుకని రేపు మళ్లీ అడుగుతారు, ఎల్లుండి మళ్లీ అడుగుతారు, మనం విసిగి ఒప్పుకునేదాకా. ముందస్తు పెట్టె పెట్టే సైట్ అందులో వచ్చిన ‘వద్దు’ను బ్రౌజర్ ఎంత నమ్మకంగా గుర్తుపెట్టుకుంటుందో అంత నమ్మకంగా గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే అది వివరణ పేరుతో చేసే వేధింపే.

ఐఫోన్ యాప్‌లకు ఆపిల్ ఇచ్చే సూచన దీనికి భిన్నంగా ఉంటుంది. ముందస్తు తెర పెడితే అందులో ఒకే బటన్ ఉండాలి, అది నేరుగా సిస్టమ్ పెట్టెకు తీసుకెళ్లాలి అంటారు. యూజర్ నిర్ణయం సిస్టమ్ దగ్గరే నమోదు కావాలన్నది అందులో ఉద్దేశం. వెబ్‌కు నేనది సిఫారసు చేయను. వెబ్ పెట్టెలో కారణం రాసే గడి లేదు కాబట్టి, కారణం చదివి వెనక్కి తిరిగే దారి కారణం ఉన్నచోటే ఉండాలి. అయినా బటన్ సరైన చోట ఉంటే ముందస్తు పెట్టె గోలే అక్కర్లేదు. బటన్ కింద ఒక్క లైను చాలు.

ఆ ఒక్క లైనులో ఏముండాలి

‘మీకు మెరుగైన సేవలు అందించేందుకు మీ లొకేషన్ అవసరం.’ ఇలాంటి వాక్యం చూడని యూజర్ ఉండడు. చూడటానికి కారణం చెప్పినట్టే ఉంటుంది. ఒక పరీక్ష పెట్టి చూడండి. ‘లొకేషన్’ తీసేసి ‘కెమెరా’ పెట్టండి. సరిపోయింది. ‘ఫోన్ నంబర్’ పెట్టండి. అదీ సరిపోయింది. ఏ మాట పెట్టినా అతికిపోయే వాక్యం ఏ ప్రశ్నకూ జవాబు కాదు.

ఇప్పుడు ఇది చూడండి: ‘కేంద్రాలను దూరం వారీగా చూపడానికి మీరెక్కడున్నారో ఒక్కసారి చూస్తాం. దాచుకోం. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఊరి పేరు టైప్ చేయండి.’ ఇందులో లొకేషన్ తీసేసి కెమెరా పెడితే నవ్వులాట అవుతుంది. చేసే పని తెలిసింది, ఎన్నిసార్లో తెలిసింది, తర్వాత ఏమవుతుందో తెలిసింది, ఇంకో దారి ఉందనీ తెలిసింది.

ఎన్నిసార్లు అన్న మాటకు వెబ్‌లో ప్రత్యేకమైన బరువుంది. ఏపీఐలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఇప్పుడెక్కడున్నారో ఒక్కసారి చెబుతుంది. రెండోది కదిలినకొద్దీ చెబుతూనే ఉంటుంది. రెండింటికీ బ్రౌజర్ అడిగే తీరు ఒకటే, పెట్టె చూసి తేడా పోల్చుకోలేం. పైగా అనుమతి నిలిచి ఉన్నంతకాలం తర్వాత ఎప్పుడు ఆ సైట్ తెరిచినా అది అడగకుండానే తీసుకోవచ్చు. కాబట్టి కదలికను వెంబడించే సైట్ ఆ మాట విప్పి చెప్పాలి: ‘ఈ పేజీ తెరిచి ఉన్నంతసేపూ మీ కదలికను చూస్తుంటాం, మూసేస్తే ఆగిపోతుంది.’ రెండో సగం చెప్పడం సైట్‌కే లాభం. పేజీ మూసేశాక కూడా ఇది మనల్ని వెంబడిస్తుందేమోనని చాలామంది భయపడతారు. ఈ ఏపీఐతో వెబ్ పేజీకి ఆ శక్తి లేదు. ఫోన్‌లో వేసుకున్న యాప్‌కు అనుమతిస్తే అది వెనకాల నుంచి కూడా చూడగలదు. ఈ తేడా సైట్లకు అనుకూలంగా ఉన్నా, ఏ సైటూ చెప్పుకోదెందుకో నాకర్థం కాదు.

కారణం అన్నిసార్లూ యూజర్ మేలు కోసమే కానక్కర్లేదు. ఒక ఆట ప్రసార హక్కులు కొన్ని ప్రాంతాలకే ఉన్నాయనుకుందాం. ‘ఈ మ్యాచ్‌ను కొన్ని ప్రాంతాల్లోనే చూపే హక్కు మాకుంది. మీరు ఆ ప్రాంతంలో ఉన్నారో లేదో చూడటానికి అడుగుతున్నాం’ అని రాయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇది మా అవసరం అని చెప్పేస్తే చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు. దాన్నే ‘మీ వీక్షణ అనుభూతి కోసం’ అని ముస్తాబు చేస్తేనే చిరాకు.

తెలుగులో రాసే సైట్లకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ‘మీ స్థానాన్ని యాక్సెస్ చేయుటకు అనుమతించండి’ అని రాస్తుంటారు. స్థానం అనగానే మనకు తట్టేది పోటీలో వచ్చిన మొదటి స్థానం, రెండో స్థానం. జనం నోట ఉన్న మాట లొకేషన్. ‘లొకేషన్ పంపు’ అనని వాళ్లెవరు? అదీ వద్దనుకుంటే ‘మీరెక్కడున్నారో’ అంటే చాలు, చదువు రానివాళ్లకు చదివి వినిపించినా తెలిసిపోతుంది. రెండోది ఇంకాస్త లోతైనది. ‘లొకేషన్ సమాచారం సేకరించబడును, భాగస్వాములతో పంచుకోబడవచ్చు.’ ఎవరు సేకరిస్తారు? ఎవరు పంచుకుంటారు? తెలుగు మాట్లాడేటప్పుడు ఎవరూ ఇలా ‘బడు’ చేర్చరు. కర్తను దాచాలనుకున్నప్పుడే ఇది కాగితం మీదికి వస్తుంది. ‘మేం తీసుకుంటాం, ఫలానా వాళ్లకు ఇస్తాం’ అని రాయమంటే రాసేవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగాలి కూడా. ఆ ఆగిన క్షణంలోనే ఇవ్వడం అవసరమా అన్న ఆలోచన వస్తుంది.

చెప్పింది నిజమే, కానీ సగమే

ఇప్పటిదాకా చెప్పిందంతా సైట్ నిజాయితీగా ఉందనుకుని. ఈ కథలో పెద్ద గొడవలన్నీ ఇంకోచోట జరిగాయి. చాలావరకు యాప్‌ల విషయంలో జరిగినవే, పాఠం మాత్రం సైట్లకూ అదే.

2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అనే యాప్ తయారీదారు మీద చర్య తీసుకుంది. టార్చిలైటుకు లొకేషన్‌తో పనేమిటి? ప్రకటనల నెట్‌వర్కులకు చేరవేయడం. షరతుల తెర మీద ఒప్పుకోనని చెప్పే బటన్ ఒకటి పెట్టారు గానీ, యూజర్ ఏదీ నొక్కకముందే సమాచారం వెళ్లిపోతోందని కమిషన్ చెప్పింది. ఇది మొరటు మోసం, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆలోచించాల్సింది తర్వాతది. 2019 జనవరిలో లాస్ ఏంజెలిస్ నగర అటార్నీ ది వెదర్ ఛానల్ యాప్ మీద దావా వేశారు. అనుమతి అడిగేటప్పుడు యాప్ చెప్పిన కారణం మీరున్నచోటి వాతావరణం, హెచ్చరికలు. అది అబద్ధం కాదు, వాతావరణం చూపించింది కూడా. కానీ అదే లొకేషన్‌ను ప్రకటనలకూ, ఇతర వ్యాపార అవసరాలకూ వాడతామన్న మాట, ఎవరూ చదవని గోప్యతా విధానం లోతుల్లో ఉందన్నది ఆరోపణ. తమ వివరణల్లో దాపరికం లేదని కంపెనీ వాదించింది. 2020లో రాజీ కుదిరింది, అనుమతి అడిగేచోట మరింత విప్పి చెప్పడానికి యాప్ ఒప్పుకుంది.

నా ఉద్దేశంలో ఇది మొత్తం వ్యవహారానికి గుండెకాయ. మంచి కారణం ఒకటి చూపి, దాని నీడలో ఇంకో పని చేసుకోవడం. చెప్పిన వాక్యాన్ని విడిగా పరీక్షిస్తే ఏ తప్పూ దొరకదు. చెప్పని వాక్యంలో ఉంది తప్పంతా. యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం, సమ్మతి అన్నది స్వేచ్ఛగా, ఫలానా పని కోసమని విడిగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. ఫలానా పని కోసం అన్న మాట అక్కడ ఊరికే పెట్టలేదు. వాతావరణానికిచ్చిన సరే, ప్రకటనలకిచ్చిన సరే కాదు.

సెట్టింగుల పేర్లు కూడా వివరణలో భాగమేనని ఇంకో వ్యవహారం నేర్పింది. 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ ఒక సంగతి బయటపెట్టింది. గూగుల్ ఖాతాలో లొకేషన్ హిస్టరీని ఆపేసినా, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ అన్న వేరే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని సేవలు చోటు వివరాలను నమోదు చేస్తూనే ఉన్నాయి. లొకేషన్ హిస్టరీ ఆపితే లొకేషన్ నమోదు ఆగుతుందని మామూలు మనిషి అనుకోవడంలో తప్పేముంది? 2022 నవంబరులో గూగుల్ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని రాజీ చేసుకుంది.

సైట్లకు మాత్రమే ఉన్న ప్రమాదం ఒకటుంది. పేజీలో నేరుగా చేర్చిన బయటివాళ్ల స్క్రిప్టు (చిన్న కోడ్ ముక్క), ప్రకటనలదైనా విశ్లేషణదైనా, ఆ సైట్ పేరు మీదే నడుస్తుంది. సైట్‌కిచ్చిన అనుమతి దానికీ పనిచేస్తుంది. వేరే సైట్ నుంచి తెచ్చి ఐఫ్రేమ్‌లో, అంటే పేజీ లోపల ఇంకో పేజీని చూపే చట్రంలో పెట్టినదైతే, సైట్ దానికి విడిగా దారి తెరిస్తే తప్ప లొకేషన్ అడగలేదు. కాబట్టి ‘మీ లొకేషన్ ఎవరికీ ఇవ్వం’ అని ఎంతో నిజాయితీగా రాసిన వాక్యం, పక్క టీమ్ వాళ్లు ఒక స్క్రిప్టు చేర్చిన మర్నాడు అబద్ధమైపోవచ్చు. రాసినవాళ్లకు తెలియనే తెలియదు. ఇలాంటి వాక్యాన్ని రాసేవాళ్లు కోడ్ రాసేవాళ్ల పక్కన కూర్చుని రాయాలి.

వద్దన్నాక

ఒక సైట్ చెప్పిన కారణం నిజమో కాదో తెలుసుకోవాలంటే వద్దని నొక్కి చూడండి. దగ్గర్లోవి చూపడానికే అడిగిన సైట్ అయితే ‘సరే, ఊరి పేరు చెప్పండి’ అంటుంది. పేజీ మొత్తం మూసుకుని ‘లొకేషన్ ఇస్తేనే ముందుకు’ అందంటే, ఊరి పేరుతో జరిగే పనికి ఐదంకెలు ఎందుకు కావాలో అది ఇంకా చెప్పలేదన్నమాట.

కొన్నిసార్లు మనం సరేనన్నా సైట్ మళ్లీ మళ్లీ ‘దయచేసి అనుమతించండి’ అంటుంటుంది. లోపం మనది కాదు. లొకేషన్ రాకపోవడానికి ఏపీఐ మూడు వేరువేరు కారణాలు చెబుతుంది: యూజర్ ఒప్పుకోలేదు, చోటు దొరకలేదు, అడిగిన సమయంలోగా జవాబు రాలేదు. బద్ధకస్తులైన సైట్లు మూడింటికీ ఒకే సందేశం పెడతాయి. బ్రౌజర్‌లో సరేనన్నా ఫోన్ సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపి ఉండొచ్చు. గోడల మధ్య ఉపగ్రహ సంకేతం అందకపోవచ్చు. ఆ మాట చెబితే బయటికొచ్చి ప్రయత్నిస్తాం. అనుమతించలేదని నింద వేస్తే చేసేదేముంది?

మనసు మార్చుకున్నవాళ్లకు దారి చూపడం దగ్గర ఇంకా అలసత్వం. ‘అడ్రసు పక్కనున్న తాళం గుర్తు నొక్కండి’ అని ఎన్నో సహాయ పేజీల్లో ఉంటుంది. 2023లో క్రోమ్ 117 ఆ తాళం తీసేసి సెట్టింగ్స్‌ను తలపించే వేరే గుర్తు పెట్టింది. పేజీలు మాత్రం తాళం వెతుక్కోమంటూనే ఉన్నాయి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం గురించైతే చాలా సైట్లలో ఒక్క ముక్కా ఉండదు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని జీడీపీఆర్ అంటుంది. బ్రౌజర్‌లో అనుమతి తీసేస్తే ఇకముందు వెళ్లేవి ఆగుతాయి. ఇప్పటికే వెళ్లి సర్వర్‌లో కూర్చున్నవి ఎక్కడికీ పోవు. వాటిని తుడిచే బటన్ సైట్‌లోనే ఉండాలి, అదీ అడిగిన చోటికి దగ్గర్లోనే.

2024లో క్రోమ్ బృందం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అనుమతి అడిగే బటన్‌ను సైట్ కాకుండా బ్రౌజరే గీసి పేజీలో పెడుతుంది. యూజర్ దాన్ని నొక్కితేనే పెట్టె వస్తుంది, ఇంతకుముందు వద్దన్నవాళ్లు కూడా సెట్టింగ్స్‌లో వెతుక్కోకుండా అక్కడే మనసు మార్చుకోవచ్చు. సైట్ దాన్ని మోసపూరితంగా దాచడం, మారురూపు వేయడం కుదరకుండా రూపం మీద ఆంక్షలున్నాయి. వేళ సంగతి దీంతో చాలావరకు తేలిపోతుంది. బటన్ మీది మాటలు మాత్రం బ్రౌజర్‌వే, అవి కూడా ఎందుకో చెప్పవు. ఆ లైను ఇప్పటికీ దాని కిందే, సైట్ చేతిరాతతోనే రావాలి.